గుట్ట వెనక కాపురం

ఈ మధ్య వెటర్నరీ కాలేజీ పిల్లలు ఎక్కడినుంచో నా నంబరు సంపాదించి ఫోన్ చేస్తున్నారు. "సార్, మాకు వైల్డ్‌లైఫ్‌లోకి రావాలని ఉంది" అంటారు. ఆ గొంతులో సింహం గర్జన, ఏనుగు ఘీంకారం, వాటి వెనక నేపథ్య సంగీతం అన్నీ వినబడతాయి. పిల్లల ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం మర్యాద కాదు. అందుకని ఫోన్లో "చాలా మంచిది నాన్నా" అని పెట్టేసి, ఆ నీళ్ళేవో ఇక్కడ చల్లుతున్నాను.

నేను చదివింది పశువైద్యం. మా గుంటూరు వైపు నన్ను పశువుల డాక్టరు అనేవాళ్ళు. మా బావమరిది మాత్రం మధ్యలో రెండక్షరాలు మింగేసి పశు డాక్టరు అంటాడు. సౌదీ అరేబియాలో మొదట బురైదా దగ్గర గొర్రెల్నీ ఒంటెల్నీ చూసుకుంటూ గడిపాను. ఒంటెలు నా మీద ఉమ్మేవి, వాటి యజమానులు నా మీద అరిచేవాళ్ళు. పని అంటే ఇంతే కాబోలు అనుకున్నాను. ఉద్యోగపు చివరి ఏళ్ళలో ఖమీస్ ముషైత్ దగ్గర కొండల్లో ఒక పెద్దమనిషి సొంత జంతువనంలో చేరాను. నాకు నిజంగా పాఠం చెప్పింది అక్కడి రాక్ వాలబీలు. ప్రమోషన్లూ సన్మాన శాలువాలూ మా ఆవిడ బీరువాలో భద్రంగా ఉన్నాయి, వాటి జోలికి పోను. వాలబీల సంగతే చెబుతాను.

వచ్చిన చుట్టాలు

రాక్ వాలబీ అంటే వరసకు కంగారూకి చెల్లెలు. పుట్టిల్లు ఆస్ట్రేలియా రాతికొండలు. పసుపుపచ్చటి కాళ్ళు, కట్లు కట్లుగా చారల తోక, పొట్ట మీద సంచి, సంచిలో పిల్ల. పాదాల అడుగున గరుకుదనం ఉండటంతో నున్నటి బండ మీద కూడా నిట్టనిలువుగా ఎక్కేస్తుంది. కొండవాలు మీద తప్ప ఇంకెక్కడా వాలదు కాబట్టి దానికి వాలబీ అని పేరొచ్చిందని ఎల్లయ్యతో అన్నాను. ఎల్లయ్య అంటే జంతువులకు మేత వేసే మనిషి. జగిత్యాల వైపు వాడు, హఫర్ అల్ బాతిన్‌లో సిమెంటు మోసి మోసి మా దగ్గరికి వచ్చాడు. పాపం ఆ మాట నమ్మేశాడు. నమ్మి ఊరుకోకుండా వచ్చిన వాళ్ళందరికీ హిందీలో వివరించడం మొదలుపెట్టాడు. హాస్యం ఆడేముందు ఎదుటివాడి జ్ఞాపకశక్తి ఎంతో చూసుకోవాలి.

సొంత దేశంలో వీటికి మంచి రోజులు కావు. మనుషులు బయటినుంచి తెచ్చి వదిలిన నక్కలు పిల్లల్ని ఎత్తుకుపోతాయి. మందలు తప్పించుకుని కొండలెక్కిన మేకలు మేతనీ నీడనీ ఆక్రమించుకుంటాయి. అందుకే వీటిని ముప్పున్న జాతి అంటారు. మా యజమాని అబూ తలాల్‌కు ఈ 'ముప్పు' అన్న మాట తెగ నచ్చింది. ఒంటెలు అందరికీ ఉంటాయి, డేగలు చాలామందికి ఉంటాయి. ముప్పు ఎంతమందికి ఉంటుంది? యూరప్‌లో ఏదో జంతు ప్రదర్శనశాలలో పుట్టి పెరిగిన ఒక చిన్న గుంపును తెప్పించాడు. గేటు మీద ముప్పున్న జాతుల సంరక్షణ కేంద్రం అని బోర్డు పెట్టించాడు. మేం అప్పటిదాకా ఏం సంరక్షించామో ఎవరూ అడగలేదు.

అబూ తలాల్ చెడ్డవాడు కాదు. రోడ్లు వేసే కాంట్రాక్టరు. ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి కార్డులు, అంటే నా ఇకామా, ఎల్లయ్య ఇకామా రెండూ ఆయన చేతిలోనే. మా ఇద్దరికీ పూచీ ఉన్న కఫీల్ ఆయనే. అతిథి అంటే ప్రాణం ఇస్తాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన తర్వాత ఇరవై ముప్ఫై మందిని వెంటపెట్టుకుని జంతువనానికి వచ్చేవాడు. అసలు చిక్కంతా ఆ ప్రేమ దగ్గరే మొదలైంది.

రంగుల గుట్ట, రాళ్ళ కుప్ప

వాలబీల కోసం ఒక డిజైనరు వచ్చి ఫైబరుతో గుట్ట కట్టాడు. దాని మీద జలపాతం, జలపాతం కింద నీలం లైట్లు. గుట్టకు ఎదురుగా అద్దాల హాలు, హాలు చుట్టూరా దిండ్లు, మధ్యలో కహ్వా అనే అరబ్బు కాఫీ కూజాలు. అతిథులు కూర్చునే మజ్లిస్ అన్నమాట. అన్నీ ఉన్నాయి. ఒక్క బీట లేదు, ఒక్క సందు లేదు. ఎండెక్కేసరికి ఆ ఫైబరు అట్లపెనంలా కాలేది.

గుట్ట వెనకాల, అదే ఆవరణలో, ఎవరి కంటా పడని మూల ఒక రాళ్ళ కుప్ప ఉండేది. అబూ తలాల్ మనుషులు పక్క కొండను రోడ్డు కోసం తొలిచినప్పుడు తెచ్చి పోసిన బండరాళ్ళు. ఆ కొండలో వబ్ర్ అని స్థానికంగా ఒక రాతి జంతువు ఉండేది. కుందేలంత ఉంటుంది, చూపుకి బుద్ధిమంతుడైన గుమాస్తాలా ఉంటుంది. వందల తరాలుగా ఆ బీటల్లో కాపురం. దాని ఇంటిని పగలగొట్టేటప్పుడు ఎవరూ బోర్డు పెట్టలేదు. ఆ ఇంటి రాళ్ళనే తెచ్చి, సముద్రాలు దాటి వచ్చిన ఇంకో రాతి జంతువు పెరట్లో పోశారు. పిల్లలూ, సంరక్షణ అనే మాట వినబడినప్పుడల్లా ఆ రాళ్ళు ఎక్కడివో ఒకసారి ఆరా తీయండి. నేను ఆరా తీశాను గానీ గట్టిగా అడగలేదు. నా ఇకామా ఎక్కడుందో పైన చెప్పాను కదా.

పెట్టెలు తెరిచి వదిలితే వాలబీలు ఫైబరు గుట్టను వాసన చూశాయి. మర్నాటికి ఒక్కటి లేదు. నేను గేటు వైపు పరుగెత్తాను. ఎల్లయ్య గుట్ట వెనకనుంచి కేకేశాడు.

"సారూ, పరేషాన్ గాకుర్రి! గీడ రాళ్ల కుప్పల సొచ్చినయ్!"

"అన్నీనా?"

"అన్నీ. అంత పైసవెట్టి గుట్ట కడితె దాని మీద కూసునుడు తెల్వదు వీటికి. మా మేనత్త అసొంటియి. పట్నంల కొడుకు మెత్తటి పరుపు కొనిస్తె, దాన్ని మడిచి మూలకువెట్టి నులక మంచంల పండుకునేది."

నేను చూసేసరికి రెండు బండల మధ్య చీకట్లోంచి ఒక చారల తోక మాత్రం బయటికి వేలాడుతోంది. అంత హాయిగా వేలాడే తోకను నేను మళ్ళీ చూడలేదు.

చప్పట్లు

అతిథులకు రాళ్ళ కుప్ప కనబడదు. కనబడేది ఖాళీ గుట్ట. అందుకని శుక్రవారాల్లో ఎల్లయ్య వెనకనుంచి అదిలించి వాలబీల్ని గుట్ట ముందుకు తోలేవాడు. అతిథులు అద్దం తలుపు తీసుకుని బయటికొచ్చి తమ చేత్తో ఖుబుజ్ రొట్టె ముక్కలూ ఖర్జూరాలూ తినిపించేవాళ్ళు. తినకపోతే బతిమాలేవాళ్ళు. బతిమాలినా తినకపోతే మూతి దగ్గర పెట్టి నొక్కేవాళ్ళు. ఈ విషయంలో అరబ్బుల్ని వేలెత్తి చూపే అర్హత నాకు లేదు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే జాతి మనది.

భయమేసినప్పుడు రాక్ వాలబీ వెనక కాలితో నేలను దబ్బున కొడుతుంది. ప్రమాదం, పారిపొండి అని తన వాళ్ళకు చెప్పడం అది. అతిథులకు మాత్రం అది నాట్యంలా కనిపించింది. ఒకటి కొట్టగానే హాలంతా చప్పట్లు. చప్పట్లకు బెదిరి ఇంకోటి కొట్టేది. ఇంకా చప్పట్లు. అబూ తలాల్ నా వైపు గర్వంగా చూసి, "చూశావా దక్తూర్, మనవాళ్ళకు స్వాగతం చెబుతోంది" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వు కూడా ఒక రకంగా నేలను కాలితో తన్నడం లాంటిదే. ఎవరికీ అర్థం కాలేదు.

కొన్నాళ్ళకు గుంపులో పెద్దది, చెవి కొస చిరిగినది, చొంగ కార్చడం మొదలుపెట్టింది. ఎల్లయ్య దానికి లచ్చవ్వ అని పేరు పెట్టుకున్నాడు. మాటిమాటికీ ముందు చేతులతో మూతి తుడుచుకునేది. దూరంనుంచి చూసినా కింది దవడ ఒక పక్క నిమ్మకాయంత ఉబ్బి కనబడింది. కంగారూ కుటుంబానికి ఇది శాపం లాంటి జబ్బు. ఇవి తినవలసింది గరుకు గడ్డీ, ఆకులూ, రెమ్మలూ. మెత్తటి రొట్టె, జిగురు ఖర్జూరం పంటి సందుల్లో ఇరుక్కుంటే చిగురు పుండవుతుంది, క్రిములు ఎముకలోకి దిగుతాయి. ఆనక తిండి మానేసి చస్తుంది.

లచ్చవ్వ సంచిలో పిల్ల ఉంది. అక్కడ వచ్చింది పీటముడి. ఈ జంతువులు బాగా బెదిరితే పరుగులో సంచి కండరాలు వదిలేసి పిల్లను జారవిడుస్తాయి. పట్టుకుని వైద్యం చేద్దామంటే పిల్ల పోతుంది. పట్టుకోకపోతే తల్లి పోతుంది, వెనకే పిల్లా పోతుంది. దాన్ని కొన్ని వారాలు బెదరకుండా రాళ్ళ మధ్య ఉండనిస్తే, రొట్టె ఆగితే, ఒకేఒక్కసారి జాగ్రత్తగా పట్టుకుని చీము తీయవచ్చు. అది తప్ప నాకు దారి కనబడలేదు.

నా ఉపన్యాసం, దాని ఫలితం

నేను చదువుకున్నవాణ్ణి కదా, కంప్యూటర్లో బొమ్మలు వేసుకుని అబూ తలాల్ ఆఫీసుకు వెళ్ళాను. దవడ బొమ్మ, క్రిమి బొమ్మ, చివర్లో రొట్టె మీద ఎర్రటి ఇంటూ గుర్తు. ఆయన ఓపిగ్గా చూశాడు. ఇంటూ గుర్తు దగ్గర ముఖం మారింది.

"దక్తూర్, నా అతిథి చెయ్యి చాపి తినిపిస్తున్నాడు. ఆ చెయ్యి పట్టుకుని వద్దనమంటావా?"

"జంతువు చచ్చిపోతుంది, అబూ తలాల్."

"తిండి పెడితే చచ్చిపోతుందా? పెట్టకపోతే కదా చచ్చేది!" కాసేపు ఆలోచించాడు. "నాకు తెలిసింది. జబ్బు రొట్టె వల్ల కాదు, ఆ చెత్త రాళ్ళ వల్ల. నేను వాటికి కోట కట్టిస్తే పోయి చెత్తలో పడుకుంటున్నాయి. గురువారం పొద్దున్నే షావల్ బండి పంపిస్తాను. రాళ్ళన్నీ ఎత్తేస్తే శుభ్రం. ముందుకొచ్చి కూర్చుంటాయి కూడా. శుక్రవారం చాలా పెద్దాయన వస్తున్నాడు."

రొట్టె ఆపమని వెళ్ళి ఇల్లు కూల్పించుకుని వచ్చాను. నా వాక్చాతుర్యం అటువంటిది. ఎల్లయ్యకు చెబితే తల పట్టుకున్నాడు.

"ఏం సారూ, గట్లెట్ల జేస్తిరి? గా షావల్ సప్పుడుకే లచ్చవ్వ పిల్లను పారేత్తది."

"నేనేం చేశానయ్యా! బొమ్మలు చూపించానంతే."

"మీరు మాట్లాడకుండ ఉంటె అయిపోతుండె."

కిందివాళ్ళ విమర్శను స్వీకరించడం నాయకత్వ లక్షణం అంటారు. స్వీకరించాను. వేరే దారి లేదు.

యా సాతిర్

బుధవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత అబూ తలాల్ ఇంటికి వెళ్ళాను. ఏం చెప్పాలో తెలియదు, ఊరికే బతిమాలదామని. ఆయనే తలుపు తీశాడు. నన్ను గుమ్మంలో ఆపి, వెనక్కి తిరిగి గట్టిగా దగ్గి, "యా సాతిర్! యా సాతిర్!" అని లోపలికి వినబడేట్టు కేకేశాడు. పరాయి మగవాడు వస్తున్నాడు, ఆడవాళ్ళు తప్పుకోవాలి అని దానర్థం. లోపల ఎక్కడో పాదాల చప్పుడు, ఒక తలుపు మూసుకుంది. అప్పుడు నన్ను మజ్లిస్‌లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి కహ్వా పోశాడు.

నాకు ఆ పూట తిండి లేదు. లోపల్నుంచి మాంసం ఉడుకుతున్న వాసన కమ్మగా వస్తోంది. ఆ మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత నేనన్న మాటలు నా మేధస్సులోంచి వచ్చాయని చెప్పుకోవాలని ఉంది. కానీ పొట్టలోంచి వచ్చాయి.

"అబూ తలాల్, ఈ ఇంటికి నేను చాలా ఏళ్ళుగా వస్తున్నాను."

"ఇది నీ ఇల్లే దక్తూర్."

"నా ఇల్లే. కానీ వంటగది ఎటువైపుందో నాకు తెలియదు."

ఆయన నవ్వాడు. "తెలియకూడదు. అతిథికి మజ్లిస్. లోపలిది కుటుంబానికి."

"మరి వాలబీలకు మనం అంత అందమైన మజ్లిస్ కట్టాం. కుటుంబానికి ఇల్లేదీ?"

నవ్వు ఆగింది.

"మనం కట్టలేదు. అవే వెనకాల వెతుక్కున్నాయి. రేపు మీ బండి వచ్చి ఆ ఇంటి గోడలు ఎత్తేస్తుంది. లోపల ఒక తల్లి జబ్బుగా ఉంది, ఒళ్ళో బిడ్డ ఉంది. శుక్రవారం మీ పెద్దాయన, ఆయన వెంట వచ్చినవాళ్ళూ కాఫీ తాగుతూ వాళ్ళను చూస్తారు."

అబూ తలాల్ చేతిలోని ఫింజాన్, ఆ చిన్న కాఫీ కప్పు, కింద పెట్టాడు.  పాస్‌పోర్టు మీద నన్ను ఇంటికి పంపే ఎగ్జిట్ ముద్ర నాకు కళ్ళ ముందు కనబడింది. ఆయన ఫోన్ తీసి ఎవరికో రెండే ముక్కలు చెప్పాడు. బండి అక్కర్లేదు. ఆ రాళ్ళ మీద ఎవడైనా చెయ్యేస్తే ఊరుకోను.

"దక్తూర్," అన్నాడు ఫోన్ పెట్టేసి, "ఈ మాట ముందే చెప్పొచ్చు కదా. ఆ క్రిముల బొమ్మలెందుకు?"

గెలుపు చేసిన పని

గెలిచాను అనుకున్నాను. ఈ ఉద్యోగంలో గెలిచిన మర్నాడే అసలు కష్టం మొదలవుతుందని రాసిపెట్టుకోండి. గురువారం వెళ్ళేసరికి రాళ్ళ కుప్పకీ ఫైబరు గుట్టకీ మధ్య ఎత్తుగా తడిక కట్టేశారు. వాలబీలు దూరే సందు తప్ప ఇంకేం లేదు. వెనకవైపున్న పనివాళ్ళ తలుపుకు తాళం. తాళంచెవి అబూ తలాల్ జేబులో. మా రాత బాగుండి మనిషి అక్కడే ఉన్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు.

"లోపలికి. లచ్చవ్వను చూడాలి."

"కుటుంబం ఉంది లోపల."

"నేను డాక్టర్ని, అబూ తలాల్!"

"ఆడ డాక్టరు లేదా?"

ముఖం గంభీరంగా ఉంది. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. అదైనా నేను ఆలస్యంగా చూశాను. అప్పటికే ఖమీస్‌లో ఆడ వెటర్నరీ డాక్టర్లు ఎవరున్నారా అని ఆలోచిస్తున్నాను.

తాళం తీసేముందు అబూ తలాల్ తలుపుకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి దగ్గి, "యా సాతిర్!" అన్నాడు. తాళంచెవి ఎల్లయ్య చేతికొచ్చాక కూడా అదొక అలవాటైపోయింది. ఆయన అన్నాడని ఎల్లయ్య కూడా గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని దగ్గి, "యా సాతిర్, లచ్చవ్వా, మేత దెచ్చిన!" అని మరీ లోపలికి పోయేవాడు. నవ్వకండి. అంతకుముందు మనుషులు ఉన్నపళంగా ముందుకొచ్చి నిలబడితే బెదిరే జంతువులు, ఆ దగ్గు వినగానే తీరిగ్గా బండల కిందికి సర్దుకునేవి. ఏ పుస్తకమూ నాకు చెప్పని పద్ధతి అది.

గరుకు గడ్డి, రెమ్మలు మొదలుపెట్టాం. రొట్టె మజ్లిస్ దాటి రాలేదు. లచ్చవ్వ కాస్త కుదుటపడ్డాక, ఒక చల్లటి పొద్దున పని పెట్టుకున్నాం. ఎల్లయ్య నల్లటి గుడ్డసంచి తెరిచి పట్టుకుని బండల సందు దగ్గర కూర్చున్నాడు. లచ్చవ్వ అందులోకి దూకగానే తోక మొదలు పట్టుకుని ఒళ్ళోకి లాక్కున్నాడు. నేను మొదట చేసిన పని దవడ చూడటం కాదు. దాని పొట్ట మీది సంచి మూతికి అంటుకునే పట్టీ వేశాను, లోపలున్నది జారకుండా. తర్వాతే మత్తు, చీము, పన్ను. గేదె దూడల్ని భుజందాకా చెయ్యి పెట్టి లాగిన చెయ్యి నాది. బియ్యపుగింజకన్నా కాస్త పెద్ద పన్ను పీకడానికి ఆ చెయ్యి వణికిపోయింది.

"సారూ, మీరు వణికితె నేను వణుకుత. నేను వణికితె లచ్చవ్వ లేస్తది," అన్నాడు ఎల్లయ్య. అంతకన్నా మంచి ఆపరేషన్ థియేటర్ క్రమశిక్షణ నాకు ఎవరూ నేర్పలేదు.

తర్వాత చేయాల్సింది ఏమీ చేయకుండా ఉండటం. చాలా కష్టమైన వైద్యం ఇది. తడిక వెనక ఏమవుతోందో చూడాలని ఉంటుంది. చూడకూడదు. మేత పెట్టే ఎల్లయ్య బయటికొచ్చి చెప్పే మాటలే నాకు దిక్కు. వాపు తగ్గింది అన్నాడు. రెమ్మలు కొరుకుతోంది అన్నాడు. పిల్ల మాట మాత్రం ఎత్తేవాడు కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు.

ఒకరోజు గడ్డి కిందపడేసి పరుగెత్తుకొచ్చాడు.

"సారూ! సంచిలకెళ్ళి తలకాయి బయటవెట్టింది! నన్ను సూసి మల్ల లోపటికి గుంజుకుంది!"

అబూ తలాల్ ఆ సంతోషంలో పనివాళ్ళందరికీ ఖర్జూరాలు పంచాడు. పంచుతూ పంచుతూ ఒక ఖర్జూరం పట్టుకుని తడిక వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన ఆ ఖర్జూరాన్ని తన నోట్లో వేసుకున్నాడు.

పెద్దాయన వచ్చాడు

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మా దగ్గర ఒక పిల్ల బతికినందువల్ల ఆ జాతి బతికిపోలేదు. ఆస్ట్రేలియా కొండల మీద నక్కలకూ మేకలకూ అడ్డంపడి తిరిగేవాళ్ళు దాన్ని బతికిస్తున్నారు. మా పక్కన రోడ్డు కోసం తొలిచిన కొండ మీద వబ్ర్ కోసం అలా అడ్డంపడినవాడు మాలో ఒక్కడూ లేడు. మేం చేసింది ఒక ఇంటి గుట్టు కాపాడటం. నా వృత్తి జీవితంలో చేతిమీదుగా జరిగిన మంచి అదే కాబట్టి చెప్పుకుంటున్నాను.

పెద్దాయన రాక వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి ఒక శుక్రవారం వచ్చాడు. కార్లు బారులు తీరాయి. మజ్లిస్ నిండిపోయింది. జలపాతం వదిలారు, నీలం లైట్లు వేశారు. ఎదురుగా గుట్ట తళతళలాడుతోంది. దాని మీద ఈగ కూడా లేదు. నేను గోడవార నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాను.

పెద్దాయన ఒక చేతిలో రొట్టె ముక్కతో చాలాసేపు అద్దంలోంచి చూశాడు. "ఏవీ?" అన్నాడు.

అబూ తలాల్ ఆయన ఫింజాన్‌లో కహ్వా పోస్తూ, తల ఎత్తకుండా, "లోపల ఉన్నారు" అన్నాడు.

పెద్దాయన మరుక్షణం గుట్ట మీంచి చూపు తిప్పేశాడు. "మాషా అల్లా. క్షేమమేనా అందరూ?"

"క్షేమం. ఈ మధ్యే ఒక బిడ్డ."

"అల్లా చల్లగా చూడాలి." ఇంకో ప్రశ్న లేదు. చేతిలో ఉన్న రొట్టెను తనే తినేశాడు.

అప్పుడు గుట్ట వెనకనుంచి దబ్బున చప్పుడు వినబడింది. అన్ని కార్లు వచ్చాయి కదా, లచ్చవ్వే అయి ఉంటుంది. పాత శుక్రవారాలు గుర్తున్న ఒక అతిథి ముఖం విప్పారింది. చప్పట్లకు రెండు చేతులూ ఎత్తాడు. అబూ తలాల్ గబగబా వెళ్ళి ఆ చేతుల మధ్య వేడి వేడి ఫింజాన్ పెట్టాడు.